పోటీ సైకిల్‌కు ఫ్రేమ్ ఎంచుకునే ముందు

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గాలి నిరోధం తగ్గేలా మలచిన ఏరో ఫ్రేమ్, కొండలెక్కడానికి అనువైన తేలికపాటి కార్బన్ ఫ్రేమ్, నీ కొలతలకు ప్రత్యేకంగా చేయించుకునే టైటానియం ఫ్రేమ్, ఈ మూడింటిలో దేనికి డబ్బు పెట్టాలని అడిగావు. మూడింటి బరువులూ ఒక పట్టికలో రాసి పంపావు గాని, ఇప్పుడు తొక్కుతున్న సైకిల్ మీద నీ సీటు ఎంత ఎత్తులో ఉందో, సీటు నుంచి హ్యాండిల్‌బార్ ఎంత దూరమో, ఎంత కిందకు ఉందో అందులో ఎక్కడా లేదు. ఈ స్థాయిలో నాసిరకం ఫ్రేమ్ అరుదుగా దొరుకుతుంది. నీకు సరిపడని ఫ్రేమ్ మాత్రం సులువుగా దొరుకుతుంది. అందువల్ల నేను కొలతలతోనే మొదలుపెడతాను.

కంపెనీలు 54, 56 అని రాసే సైజు అంకెలను నమ్ముకోవద్దు. ఒక కంపెనీ 54, మరో కంపెనీ 54 ఒకటి కావు. చూడవలసినవి రెండే: స్టాక్, రీచ్. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మధ్యబిందువు నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందున్న పొట్టి గొట్టం) పైఅంచు ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్. ఎంత ముందుకు ఉందో చెప్పేది రీచ్. ఈ రెండింటినీ విడివిడిగా పోల్చితే మోసపోతాము. ఉదాహరణకు ఒక ఫ్రేమ్ స్టాక్ 565, రీచ్ 395 మిల్లీమీటర్లు. ఇంకొకదాని స్టాక్ 585, రీచ్ 390 అనుకో. చూడగానే మొదటిది అయిదు మిల్లీమీటర్లు పొడవైనదని అనిపిస్తుంది. కాని హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది కనుక, 73 డిగ్రీల కోణంలో, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే ముక్క) కింద వేసే ఉంగరాలైన స్పేసర్లు ప్రతి పది మిల్లీమీటర్లకూ స్టెమ్ దాదాపు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మొదటి ఫ్రేమ్‌ను రెండోదాని ఎత్తుకు తేవడానికి ఇరవై మిల్లీమీటర్ల స్పేసర్లు వేస్తే దాని రీచ్ 389కి చేరుతుంది. అంటే పొడవులో రెండూ ఒకటే. తేడా అంతా ఎత్తులోనే ఉంది. నీ నడుము వంగే తీరును బట్టి హ్యాండిల్‌బార్ ఎంత ఎత్తులో ఉండాలో ముందుగా తెలుసుకో. ఆ ఎత్తు ఒకటి రెండు పలచటి స్పేసర్లతో, వంద నుంచి నూట ఇరవై మిల్లీమీటర్ల స్టెమ్‌తో ఏ ఫ్రేమ్ మీద దొరుకుతుందో అది నీ ఫ్రేమ్. స్పేసర్లు గుట్టగా పేర్చి, పొట్టి స్టెమ్ వేస్తే గాని కూర్చోలేని ఫ్రేమ్ ఎంత ప్రసిద్ధమైనదైనా పక్కన పెట్టు. బాగా కిందకు ఉన్న హ్యాండిల్‌బార్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, నాలుగు గంటల రేసు చివరిలో డ్రాప్స్ (హ్యాండిల్‌బార్ కింది వంపు) పట్టుకుని ఉండలేనివాడికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

నీవు పొట్టివాడివి కనుక మరొక సంగతి కూడా చెప్పాలి. చిన్న సైజులలో పాదం ముందు చక్రానికి తగలకుండా హెడ్ ట్యూబ్ కోణాన్ని 71 డిగ్రీల వరకూ వాలుస్తారు. అది తప్పు కాదు, కాని చాలామంది తయారీదారులు ఖర్చు కలిసి వస్తుందని అన్ని సైజులకూ ఒకే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) వాడతారు. ఫోర్క్ తిరిగే గీతకు చక్రం ఇరుసు ఎంత ముందుకు ఉందో చెప్పేది ఆఫ్‌సెట్; ఆ గీత నేలను తాకే చోటుకు టైరు నేలను తాకే చోటు ఎంత వెనక ఉందో చెప్పేది ట్రెయిల్. 45 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ ఉన్న ఫోర్క్‌తో, 28 మిల్లీమీటర్ల టైరుతో లెక్క వేస్తే 73 డిగ్రీల దగ్గర ట్రెయిల్ సుమారు 57 మిల్లీమీటర్లు వస్తుంది. 71 డిగ్రీల దగ్గర అదే ఫోర్క్‌తో 69కి పెరుగుతుంది. ట్రెయిల్ అంత పెరిగితే సైకిల్ తిన్నగా పోవడానికే మొగ్గు చూపి, మలుపులో ఆలస్యంగా తిరుగుతుంది. పెద్ద సైజు తొక్కిన సమీక్షకుడు మెచ్చుకున్న చురుకుదనం నీ సైజులో కనిపించకపోవడానికి కారణం ఇదే. సైజును బట్టి ఫోర్క్ ఆఫ్‌సెట్ మార్చే తయారీదారుకు నేను ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

ఇక బరువు, గాలి. నీవూ సైకిలూ కలిపి 75 కిలోలు అనుకుందాం. నీ పట్టికలోని ఏరో ఫ్రేముకూ తేలికపాటి ఫ్రేముకూ తేడా 250 గ్రాములు, అంటే మొత్తం బరువులో మూడు వందల్లో ఒక వంతు. గంట సేపు ఎక్కే నిటారు కొండ మీద దీని వల్ల కలిసివచ్చేది పది పన్నెండు సెకన్లు. చదును దారిలో అయితే గాలి నిరోధం వేగం యొక్క వర్గంతోనూ, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఘనంతోనూ పెరుగుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో నీ శ్రమలో అత్యధిక భాగం గాలికే పోతుంది. ఆ గాలిలో సింహభాగం తగిలేది సైకిల్‌కు కాదు, నీ ఒంటికి. అందుకే ఏరో ఫ్రేమ్ మీద సరిగా వంగలేనివాడు, సాధారణ ఫ్రేమ్ మీద చక్కగా వంగి కూర్చున్నవాడికంటే వెనకబడతాడు. కూర్చునే తీరు రెండింటి మీదా ఒకటే అయితే నేను ఏరో వైపే మొగ్గుతాను. నిజానికి ఈ విభజన కూడా చెరిగిపోతోంది. 2020లో స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ ఎస్ఎల్7 అనే ఫ్రేమ్ తెచ్చినప్పుడు తన ఏరో ఫ్రేమ్ వెంజ్‌ను ఆపేసింది. 2024లో ట్రెక్ కంపెనీ తన తేలికైన ఫ్రేమ్ ఎమోండాను ఏరో ఫ్రేమ్ మదోన్‌లో కలిపేసింది. 2023లో వచ్చిన టార్మాక్ ఎస్ఎల్8 ఫ్రేమ్ 56 సైజులో 685 గ్రాములేనని స్పెషలైజ్డ్ ప్రకటించింది. అంతకంటే తేలిక కోసం వెతికేవాడు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమం కూడా గుర్తుంచుకోవాలి: ఆ నిబంధనల కింద జరిగే రోడ్డు పోటీలలో సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. మంచి చక్రాలు వేశాక ఆ గీతకు చేరువైన సైకిల్‌కు ఇంకా తేలిక ఫ్రేమ్ కొనడంలో అర్థం లేదు. నీవు దిగబోయే పోటీలలో యూసీఐ ఆమోదం ఉన్న ఫ్రేములే అనుమతిస్తారో లేదో నియమావళి చదివి చూడు. టైటానియం ఫ్రేమ్ చేయించుకునే పక్షంలో ఈ ప్రశ్న తయారీదారును ముందే అడగాలి.

టైటానియం అంటే నాకు మనసు లాగుతుంది. తుప్పు పట్టదు, రంగు పోయిందన్న బెంగ ఉండదు, చిన్న దెబ్బలను లెక్క చేయదు. 1998లో మార్కో పంతానీ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది అల్యూమినియంతో చేసిన బియాంకీ సైకిల్ మీద. లోహం మీద గెలవలేమన్నది అబద్ధం. అయినా ఆ తరువాత అగ్రశ్రేణి జట్లు కార్బన్ వైపే వెళ్లడానికి కారణం ఉంది. కార్బన్‌ను ఎక్కడ బిగువు కావాలో అక్కడ పొరలు పెంచి, ఏ ఆకారం కావాలో ఆ ఆకారంలో అచ్చులో మలచవచ్చు. గొట్టాలను అతికే పనిలో అది సాధ్యపడదు. టైటానియం ఫ్రేమ్ మంచి కార్బన్ ఫ్రేమ్‌కంటే సుమారు అర కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువు ఉంటుంది. నీ కాళ్ల పొడవు, మొండెం పొడవు ఏ తయారీ సైజుకూ కుదరవని తేలితే మాత్రం కొలతలకు చేయించుకున్న టైటానియం ఆ లోటును పూడ్చి మించిపోతుంది. లేకపోతే అది శిక్షణకు, దూర ప్రయాణాలకు ఆయుష్షున్న సైకిల్. రేసుకు నా మొదటి ఎంపిక కాదు.

పట్టికలో ఎవరూ రాయని ఖర్చు మరమ్మతులది. ఇప్పటి ఏరో ఫ్రేములలో స్టెమ్, హ్యాండిల్‌బార్ ఒకే ముక్కగా వస్తాయి. బ్రేకు గొట్టాలు వాటి లోపలి నుంచి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి హెడ్ ట్యూబ్‌లో ఉండే బేరింగుల జత)లోని ఎగువ బేరింగు గుండా దిగుతాయి. స్టెమ్ పది మిల్లీమీటర్లు పొట్టి కావాలంటే మొత్తం ముక్క మార్చాలి. చెమట, వాన నీరు తగిలి ఆ బేరింగు పాడైతే, చాలా ఫ్రేములలో గొట్టాలు ఊడదీసి, మళ్లీ బిగించి, బ్రేకులలో ఆయిల్ నింపి గాలి తీయాలి. కొనేటప్పుడే నీకు కావలసిన పొడవుకు ఆ ముక్కను మార్చి ఇస్తారా అని అడుగు. ఇవ్వకపోతే ఆ ఖరీదు కూడా ఫ్రేమ్ ధరలో కలిపి లెక్క వేసుకో. బాటమ్ బ్రాకెట్ మరలతో బిగించే రకం, అంటే బీఎస్ఏ గాని టీ47 గాని అయితే మేలు. మరలు లేకుండా నొక్కి దిగవేసే ప్రెస్‌ఫిట్ చెడ్డదని కాదు, కాని ఫ్రేమ్ రంధ్రం కొలత పిసరంత తప్పినా కిర్రుమనే శబ్దం మొదలవుతుంది, దాని మూలం వెతకడం ఒక యజ్ఞం. వెనక గేరును ఫ్రేమ్‌కు తగిలించే హ్యాంగర్, సీటును మోసే సీటు పోస్టు, వాటి బిగింపు ముక్క అయిదేళ్ల తరువాత కూడా దొరుకుతాయా అన్నది విచారించు. గుండ్రని 27.2 మిల్లీమీటర్ల సీటు పోస్టు ఎవరైనా అమ్ముతారు. ఆ ఫ్రేమ్‌కే ప్రత్యేకమైన ఆకారంలో ఉన్నది ఒక్కరే అమ్ముతారు.

టైర్లకు కనీసం 32 మిల్లీమీటర్ల చోటు ఉండాలి. వెడల్పాటి రిమ్ముల మీద 28 అని రాసిన టైరు 30కి దగ్గరగా ఉబ్బుతుంది. కుదుపు తగ్గించే పని ఫ్రేమ్‌కంటే టైరు, అందులోని గాలి ఒత్తిడి ఎక్కువగా చేస్తాయి.

టీ800, టీ1000 అన్న పేర్లు చూసి మురిసిపోకు. అవి కార్బన్ నారకు టోరే కంపెనీ పెట్టిన రకాల పేర్లు. ఒకే నారతో చేసిన రెండు ఫ్రేములు పొరలు పేర్చిన తీరును బట్టి పూర్తిగా వేరుగా నడుస్తాయి. దానికి బదులు వారంటీ కాగితం చదువు: రేసులో పడి విరిగితే సాధారణంగా వారంటీ వర్తించదు, కాని కొన్ని కంపెనీలు అలాంటప్పుడు తగ్గింపు ధరకు కొత్త ఫ్రేమ్ ఇస్తాయి. గుంపులో పడటం నీ చేతిలో ఉండదు కనుక, ఆ నిబంధన ఉన్న ఫ్రేమ్ నాకు యాభై గ్రాముల తేలికకంటే విలువైనది. పడిన తరువాత పైకి ఏమీ కనిపించకపోయినా లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. తెలిసినవారి చేత పరీక్ష చేయించకుండా మళ్లీ ఎక్కవద్దు.

ఈ వారంలోగా సైకిల్ ఫిట్టింగు తెలిసినవారి దగ్గర కొలతలు తీయించుకుని, మూడు ఫ్రేముల స్టాక్, రీచ్, హెడ్ కోణం, ఫోర్క్ ఆఫ్‌సెట్ నీ సైజు వరుసలోవి మాత్రమే రాసి నాకు పంపు. అవి చూసేవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య