కబడ్డీ సీజన్‌కి దిగుతున్న కొత్త పీడీకి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డిగ్రీ కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) చేరగానే ఇంటర్ కాలేజియేట్ కబడ్డీ నెత్తిన పడిందనీ, పక్క టౌను కాలేజీని ఈసారి ఎలాగైనా పడగొట్టాలని కుర్రాళ్లు ఊగిపోతున్నారనీ రాశావు. ఊగనీ. ఆ కసి లేకపోతే సాయంత్రం పూట ఎవడూ గ్రౌండుకి రాడు. నువ్వు మాత్రం ఆ ఒక్క మ్యాచ్ దగ్గరే ఆగిపోకు. ఇంటర్ కాలేజియేట్ అయ్యాక యూనివర్సిటీ జట్టు ఎంపిక ఉంటుంది. తర్వాత కోచింగ్ క్యాంపు, ఆ తర్వాత సౌత్‌జోన్, అక్కడ మొదటి నాలుగు జట్లలో నిలిస్తే ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ. పై రెండూ ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి. పక్క కాలేజీ మీద గెలిచే ఊపులో ఇద్దరు రైడర్ల (కూతకి వెళ్లేవాళ్ల) మోకాళ్లు పోగొట్టుకుంటే మీ సీజన్ అక్కడితో సరి.

ముందు కాగితాల సంగతి చూడు. కోర్టు గీయకముందే ఇది మొదలుపెట్టాలి. అడ్మిషన్లు కాగానే ఒక 20 మంది పేర్లు రాసుకుని ఒక్కొక్కడికి ఒక ఫైలు పెట్టు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఈ ఏడాది ఫీజు రసీదు, బోనఫైడ్, కాలేజీ ఐడీ, ఆధార్, ఫొటోలు. అన్నీ మూడేసి సెట్లు జిరాక్స్ తీయించు. ఒరిజినల్స్ ఇంటి దగ్గర ఉంచుకోమను, మ్యాచ్ రోజున వెంట తెచ్చుకోమను. ఏఐయూ లెక్కలో జులై 1 నాటికి 17 నిండి ఉండాలి, 25 దాటకూడదు. పుట్టినతేదీకి పదో తరగతి మెమోయే ఆధారం. వయసొక్కటే చాలదు. ఇంటర్ ఏ ఏడాది పాసయ్యాడు, ఈ కోర్సులో ఎప్పుడు చేరాడు అన్నవి కూడా ఎలిజిబిలిటీ ప్రొఫార్మాలో రాయాలి. రెగ్యులర్‌గా చదివేవాడే అర్హుడు. దూరవిద్యలో పేరున్నవాడు, ఎక్కడో ఉద్యోగం చేస్తూ ఇక్కడ సీటు పెట్టుకున్నవాడు ఎంత గొప్ప ఆటగాడైనా నీ లిస్టులో ఉండకూడదు. అలాంటివాణ్ణి దింపితే అవతలి కాలేజీ ప్రొటెస్ట్ వేస్తుంది, గెలిచిన మ్యాచ్ కూడా చేజారుతుంది.

ఎక్కువ తలనొప్పి పేర్ల దగ్గరే వస్తుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. కాలేజీ స్థాయిలో సర్దుకుపోతారు గానీ పై టోర్నీలో స్క్రూటినీ బల్ల దగ్గర ఆపేస్తారు. జులైలో పట్టుకుంటే సరిచేయించడానికి వ్యవధి ఉంటుంది, అక్టోబర్‌లో పట్టుకుంటే ఉండదు. సర్క్యులర్‌లో నిబంధనలు ఏటా కొద్దిగా మారుతుంటాయి. పాతది చూసి ఫారాలు నింపకు.

బరువు గురించి. మగపిల్లలకి 85 కిలోలు, ఆడపిల్లలకి 75 కిలోలు పరిమితి. మీ కార్నర్ (డిఫెన్స్‌లో చివరన నిలబడేవాడు) 87 ఉన్నాడని రాశావు. నెలన్నర ముందు నుంచీ వారానికి అరకిలో చొప్పున తగ్గించు. రాత్రి అన్నం సగానికి తగ్గించి కూర పెంచితే చాలావరకు అదే దిగుతుంది. ముందురోజు నీళ్లు మానేసి, స్వెటరేసుకుని పరుగెత్తి బరువు చూపించేవాళ్లుంటారు. తూకంలో పాసవుతారు, సెకండాఫ్‌లో పిక్కలు పట్టేసి కూలబడతారు. కాలేజీ తూకమూ టోర్నీ తూకమూ ఒకటి కాదు గనక కనీసం అరకిలో తేడా ఉంచుకో.

కోర్టు. మగవాళ్లది 13 మీటర్లు, 10 మీటర్లు. నడిగీత నుంచి బాక్ లైన్ (రైడర్ దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. రెండు పక్కలా మీటరేసి లాబీ. టేపు పట్టి కొలిచి గీయి, అడుగులతో కొలవకు. బోనస్ లైను అరడుగు దగ్గరగా ఉన్న కోర్టులో ప్రాక్టీసు చేసిన రైడర్‌కి అసలు మ్యాచ్‌లో ప్రతి బోనస్సూ కొద్దిలో తప్పిపోతుంది. ఎందుకో వాడికి తెలియదు, నీకూ తెలియదు. గీతలకి సున్నం వాడొద్దు, ముగ్గుపిండి చాలు. సున్నం కళ్లలో పడితే మండటంతో ఆగదు. మట్టి కోర్టయితే ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున్నే రాళ్లు ఏరించు.

యూనివర్సిటీ పోటీలు ఎక్కువగా మ్యాట్ మీదే జరుగుతున్నాయి. మట్టిలో పెరిగిన కుర్రాడు మ్యాట్ ఎక్కితే మొదటి వారం తన కాళ్లు తనవి కానట్టే ఉంటాడు. మట్టిలో ఉత్త పాదం కొద్దిగా జారుతుంది, ఆ జారుడుని లెక్కలోకి తీసుకునే అలవాటు పడి ఉంటాడు. మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. ఒళ్లు తిరుగుతుంది గానీ పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలు మీద పడుతుంది. కాలేజీలో మ్యాట్ లేకపోతే జిల్లా స్టేడియం వాళ్లని అడిగి వారానికి రెండు సాయంత్రాలు సంపాదించు. బూట్లు టోర్నీకి రెండు వారాల ముందే తొడిగించు. కొత్త బూట్లతో మ్యాచ్‌కి దిగితే మడమలు బొబ్బలెక్కుతాయి. మ్యాట్ ముక్కల అతుకులు ఎక్కడైనా లేచి ఉన్నాయేమో ఆటకి ముందు ఒకసారి నడిచి చూడు. వేలు ఇరుక్కుంటే గోరు లేచిపోతుంది.

ఇక ఆట. కుర్రాళ్లంతా రైడర్లు కావాలనుకుంటారు. టీవీలో లీగు చూసి పెరిగినవాళ్లు మరి, తప్పు పట్టలేం. ఇంటర్ కాలేజియేట్ స్థాయిలో మ్యాచ్‌లు డిఫెన్స్ దగ్గరే తేలతాయి. జట్టుకి తీసుకునే పన్నెండు మందిలో కనీసం ఆరుగురు నిఖార్సైన డిఫెండర్లు ఉండాలి. లెఫ్ట్ కార్నర్, రైట్ కార్నర్ ఒకరికొకరు అలవాటు పడ్డవాళ్లై ఉండాలి. వాళ్లని మాటిమాటికీ మార్చకు. రోజూ రెండు గంటల ప్రాక్టీసులో వార్మప్‌కి 20 నిమిషాలు, చైన్ డిఫెన్స్‌కి (పక్కవాడి చెయ్యి పట్టుకుని ఆడే డిఫెన్స్‌కి) 40, రైడింగ్‌కి 30, మిగతాది ఆట. చివరి మూడు రోజులు సగానికి తగ్గించు.

డిఫెన్స్‌లో పదేపదే కనిపించే తప్పు ఒకటుంది, దాన్ని దగ్గరగా చూడు. రైడర్ కార్నర్ వైపు వెళ్తాడు. కార్నర్ చీలమండ పట్టుకోబోయి ఆగుతాడు. పక్కనే ఇన్ అనే చోట ఆడే కుర్రాడు మాత్రం వాడు పట్టేశాడనుకుని చెయ్యి వదిలి ముందుకు దూకుతాడు. చైన్ తెగింది. రైడర్ వాడి వీపు తాకి వెనక్కి తిరుగుతాడు, కవర్ (ఇన్‌కి ఇంకా లోపలి పక్క నిలబడేవాడు) ఒంటరిగా అడ్డం పడతాడు, వాడూ ఔట్. రెండు పాయింట్లు. తప్పు ఇన్‌ది కాదు, వాళ్ల మధ్య మాట లేకపోవడానిది. కార్నర్ పట్టిన క్షణంలో అరవాలి, ఆ అరుపు వినపడేదాకా పక్కవాడు చెయ్యి వదలకూడదు. ఒక్క ఈ పనినే వారంరోజులు చేయించు. ఇంకోటి లాబీ. రైడర్‌ని తాకకముందే డిఫెండర్ లాబీలో కాలు పెడితే తనంతట తాను ఔటైనట్టే. రైడర్ తెలివైనవాడైతే అంచు వెంబడి పరుగెత్తి ఇద్దరు ముగ్గుర్ని లాబీలోకి లాగేస్తాడు.

పాయింట్ల లెక్క కెప్టెన్ బుర్రలో ఆడుతూ ఉండాలి. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటేనే బోనస్ లైను దాటినందుకు బోనస్. బోనస్ వల్ల పాయింటు వస్తుంది గానీ మనవాడెవడూ లోపలికి రాడు. మీ మెయిన్ రైడర్ బయట కూర్చున్నప్పుడు బోనస్ కోసం దేవులాడటం అందుకే దండగ. ముందు ఔటైనవాడే ముందు లోపలికొస్తాడు. వాడు వరసలో నాలుగోవాడైతే వాడు రావడానికి నాలుగు టచ్‌లో, పట్టులో కావాలి. కోర్టులో ఒక్కడే మిగిలి, మెయిన్ రైడర్ వరసలో చివర్న ఉంటే లోనా (జట్టంతా ఔటవడం) ఇచ్చేయడమే ఒక్కోసారి నయం. అదనంగా రెండు పాయింట్లు పోతాయి, ఏడుగురూ ఒకేసారి తిరిగొస్తారు. ఫస్టాఫ్‌లో ఇది చెయ్యొచ్చు. చివరి మూడు నిమిషాల్లో మాత్రం రెండు పాయింట్లంటే మ్యాచే.

కోర్టులో మనవాళ్లు ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు సూపర్ టాకిల్‌కి అవకాశం, రైడర్‌ని పట్టుకుంటే రెండు పాయింట్లు. అప్పుడు ముందుకెళ్లి పట్టేవాడు మూర్ఖుడు. వెనకే నిలబడి రైడర్‌ని లోపలికి రానివ్వాలి. వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడర్ ఔట్. ఆ కూతకి ఎవణ్ణి పంపాలో ముందే తేల్చుకో. మెయిన్ రైడర్‌ని ప్రతి డూ ఆర్ డైకీ పంపితే అవతలివాళ్లు వాడికోసమే కాచుకుని ఉంటారు. సూపర్ టాకిల్, డూ ఆర్ డై అమల్లో ఉన్నాయో లేదో మేనేజర్ల సమావేశంలోనే అడిగి రాసుకో.

ఆధిక్యంలో ఉంటే 30 సెకన్ల కూతనీ పూర్తిగా వాడాలి, కానీ బాక్ లైన్ దాటడం మరిచిపోకూడదు. టైం పాస్ చేద్దామని వెళ్లి గీత దాటకుండా తిరిగొచ్చి ఔటయ్యేవాళ్లు ప్రతి టోర్నీలోనూ కనిపిస్తారు. కూత గట్టిగా, తెగకుండా వినపడాలి. అలసిపోయినప్పుడు ముందు పోయేది అదే. టైమౌట్లు హాఫ్‌కి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. ఆ కాస్తలో ఒక్క మాటే చెప్పు. నాలుగు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

నాకౌట్‌లో ఒకేరోజు రెండు మూడు మ్యాచ్‌లు పడొచ్చు. 20 నిమిషాల హాఫ్‌లు రెండు, ఆ మధ్య విశ్రాంతి 5 నిమిషాలే. మొదటి మ్యాచ్ తేలిగ్గా ఉంటే మెయిన్ రైడర్‌ని బయట కూర్చోబెట్టు, అయిదు సబ్‌స్టిట్యూషన్లు ఉన్నవి అందుకే. పొద్దున ఇడ్లీ, అరటిపండు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఉప్పేసిన పలచటి మజ్జిగ, ఓఆర్‌ఎస్. ఆతిథ్య కాలేజీ మధ్యాహ్నం బిర్యానీ పెడితే ఆడాల్సినవాళ్లకి వద్దని చెప్పు, తిట్టుకున్నా ఫర్వాలేదు.

గోళ్లు ముందురాత్రే తీయించు. ఉంగరాలు, గొలుసులు, చేతి కడియాలు తీసేయాలి, ఒంటికి నూనె పూయకూడదు. చీలమండ మడతపడితే 15–20 నిమిషాలు ఐసు పెట్టి క్రేప్ బ్యాండేజీ చుట్టు, కాలు ఎత్తులో ఉంచు. మాలిష్ చేస్తానని ఎవడైనా వస్తే పంపించేయి. మొదటి రెండు రోజులు నొక్కితే వాపు పెరుగుతుంది. మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చి కొద్ది గంటల్లో వాచిందంటే ఆ కుర్రాడి ఆట ఆ రోజుకి ఆపు. ఫైనలైనా సరే. ఆర్థోపెడిక్ డాక్టరు చూసేదాకా నడిపించొద్దు.

పోటీ కాలేజీ గురించి ఒక మాట. వాళ్ల మ్యాచ్ ఫోన్లో తీయించు, తప్పులేదు. వాళ్ల రైడర్ ఏ పక్కకి మొదలుపెడతాడు, అలసినప్పుడు ఏ కాలు ముందుకేస్తాడు, చివరి అయిదు నిమిషాల్లో ఎవణ్ణి పంపుతారు, ఈ మూడూ చూసుకుంటే చాలు. కేకలు, డప్పులు ఉంటాయి, ఉండనీ. తల్లిదండ్రుల మీదకీ కులం మీదకీ వెళ్లే నినాదాలు మాత్రం మీ గ్యాలరీలో మొదలవగానే నువ్వే లేచి ఆపాలి. రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. ఆకుపచ్చ కార్డంటే హెచ్చరిక. పసుపు కార్డంటే రెండు నిమిషాలు బయట, అంతసేపూ మీరు ఆరుగురే. ఎర్ర కార్డైతే ఇక ఆ మ్యాచ్‌కి లేనట్టే. అయినా టోర్నీ ముగిశాక ఎంపిక కమిటీ ఏం చేస్తుందో తెలుసుగా. మీ రైట్ కార్నర్‌నీ, ఆ కాలేజీ లెఫ్ట్ కార్నర్‌నీ ఒకే క్యాంపులో పడేస్తుంది. సౌత్‌జోన్‌లో వాళ్లిద్దరూ ఒకే చైన్‌లో చేతులు పట్టుకుని నిలబడాలి. ఫైనల్లో ముక్కు పగలగొట్టుకున్నవాళ్లకి ఆ పట్టు కుదరదు, యూనివర్సిటీ జట్టు మొదటి రౌండ్లోనే ఇంటికొస్తుంది. క్యాంపుకి వెళ్లేవాడితో ఎదుటి కాలేజీ పీడీకి నువ్వే ఒక ఫోన్ చేయించు, పరిచయం అవుతుంది.

ఇంటర్నల్స్ తేదీలు, సెమిస్టర్ పరీక్షల తేదీలు ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ముందే తెచ్చుకో. క్యాంపు, జోన్ పోటీ ఆ రోజుల్లోనే పడే ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఆన్ డ్యూటీ అటెండెన్స్ కోసం ప్రిన్సిపాల్ ఆర్డరు రాతలో తీసుకో. నోటిమాట మీద పంపితే హాజరు 75 శాతం లేదని తర్వాత పరీక్ష ఫీజు కట్టించుకోరు.

ఇంటర్ యూనివర్సిటీ ఆడి వచ్చినవాళ్లకి ఫారం-3 మీద సంతకం వెంటనే పెట్టించు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో యూనివర్సిటీ స్థాయి ఆటకి అడిగేది ఆ ఫారమే. యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టరో, డీనో సంతకం పెట్టాలి. మూడేళ్ల తర్వాత వెళ్తే అధికారి మారి ఉంటాడు, రికార్డు వెతికేవాడు ఉండడు.

నీ 20 మంది లిస్టు, ఎత్తులు, బరువులు, ఎవడు ఏ చోట ఆడతాడో రాసి పంపు. కార్నర్ల జత నేను చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు