ఫార్మలిన్‌తో క్యాన్సర్ ముప్పు ఎవరికి?

సందేహం: వనామి రొయ్యల మొప్పల మీద, కాళ్ళ మీద జూథామ్నియం (కంటికి కనిపించని ఏకకణ జీవి) బూజులా పట్టిందని గుంటలో ఫార్మలిన్ వేస్తున్నాం. చల్లే కుర్రాళ్ళు కళ్ళు మండుతున్నాయంటున్నారు. క్యాన్సర్ వస్తుందని ఫోన్‌లో వీడియోలు చూసి భయపడుతున్నారు. నిజమేనా? ఆ రొయ్యలు తిన్నవాళ్ళకూ వస్తుందా? క్యాన్లు కాపలా షెడ్డులోనే ఉంచుతున్నాం.
– ఒక రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

సమాధానం: ముందు ఆ క్యాన్లు ఇవాళే షెడ్డులోంచి తీయించండి. మీరు చివర్లో మాటవరసకు రాశారు గానీ, నాకు టెన్షన్ పెట్టింది ఆ వాక్యమే. ఫార్మలిన్ అంటే నీళ్ళలో కరిగించిన ఫార్మాల్డిహైడ్ వాయువు, సుమారు 37 శాతం. మూత కాస్త వదులైనా వాయువు బయటికి వస్తూనే ఉంటుంది. కాపలా మనిషి తలుపేసుకుని రాత్రంతా పీల్చేది దాన్నే. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, కాబట్టి ‘వాసనేం రావట్లేదు సార్’ అంటే నమ్మొద్దు. క్యాన్లు ఎక్కడ పెట్టినా పక్కన పర్మాంగనేట్ (నీళ్ళలో వేస్తే ఊదా రంగు వచ్చే మందు) మాత్రం ఉంచకండి, రెండూ కలిస్తే భగ్గుమంటాయి.

వీడియోల్లో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే రసాయనాల మొదటి గ్రూపులో చేర్చింది. ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్‌కు, తర్వాత ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఆధారాలు దొరికాయి. అయితే ఆ గ్రూపు చెప్పేది ఆధారం ఎంత గట్టిదో మాత్రమే. ముప్పు ఎంతన్నది పీల్చిన మోతాదును బట్టి, ఎన్నేళ్ళు పీల్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎలుకలకు రెండేళ్ళ పాటు పీల్పించి చూస్తే 14 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 14 వంతులు) దగ్గర దాదాపు సగం వాటికి ముక్కులో క్యాన్సర్ వచ్చింది, 6 దగ్గర ఒకటీ అరా, 2 దగ్గర ఒక్కదానికీ రాలేదు. అలాగని 2 దాకా ఫర్వాలేదనుకోకండి. మనుషులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలిలో 0.1 మిల్లీగ్రాము, అంటే సుమారు 0.08 పీపీఎం. మీ కుర్రాళ్ళకు కళ్ళు మండుతున్నాయంటే ఆ హద్దు దాటినట్టే లెక్క. మంట క్యాన్సర్ లక్షణం కాదని వాళ్ళకు చెప్పండి. కానీ ఏళ్ళ తరబడి అలాగే పీలిస్తే మంచిది కాదు.

ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నా, ఎన్95 పెట్టుకున్నా ఈ వాయువు ఆగదు. ఫార్మాల్డిహైడ్‌కు పనికొచ్చే కార్ట్రిడ్జ్ (వాయువును పట్టి ఉంచే డబ్బా) ఉన్న మాస్క్, నైట్రైల్ గ్లవ్స్, కళ్ళను పూర్తిగా మూసే అద్దాలు కావాలి. గాలి వీపు వైపు నుంచి వీచేలా గట్టు మీద నిలబడి వంచాలి. కంట్లో పడితే పావుగంట నీళ్ళతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తినేవాళ్ళ సంగతికొస్తే, గుంటలో వేసిన మందు కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. వేసిన వెంటనే మాత్రం పట్టుబడి చేయకండి. 2018లో మన ఆంధ్రా చేపల్ని అస్సాం ఆపేసిన గొడవ వేరు. అది పట్టిన చేప చెడిపోకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న ఆరోపణ. ఆ పని చట్టవిరుద్ధం.

ఇంతకీ ఈ మందు మీ గుంటకు అవసరమా? ప్రతి 5 పీపీఎం ఫార్మలిన్ నీటిలో 1 పీపీఎం ఆక్సిజన్‌ను తినేస్తుంది, నీటికి రంగునిచ్చే సన్నటి నాచు చచ్చి కలర్ కూడా పడిపోతుంది. జూథామ్నియం పట్టడానికి అసలు కారణం అడుగున పేరుకున్న మిగులు మేత, మడ్డి. చెక్ ట్రేలు (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళేలు) చూసుకుని మేత తగ్గించండి, అడుగు నీళ్ళు కొంత మార్చండి, ఎయిరేటర్లు ఆపకండి. రొయ్య పొర విడిచినప్పుడు చాలా వరకు దానంతటదే వదిలిపోతుంది.