ఆకును కోసి చూశావా?

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ వ్యాసం అందింది. మూడో పేజీలో ఆగిపోయాను. కలువ ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాలతో, అంటే ఆకు మీది సన్నని రంధ్రాలతో, గాలి పీల్చుకుంటుందని రాశావు. ఆ అడుగు నీళ్లకు ఆనుకుని ఉంటుంది కదా, అక్కడ గాలి ఎక్కడిది? కలువకు పత్రరంధ్రాలు ఉండేది పైవైపున. మామిడి ఆకు గురించి చదివినది తెచ్చి కలువకు అంటించావు. చెరువు గట్టున కూర్చుని ఒక్క తూడు, అదే కలువ కాడ, కోసి, దాని నిండా ఉన్న గాలి గొట్టాలను చూసి ఉంటే ఈ వాక్యం నీ కలం నుంచి వచ్చేది కాదు.

చేతిలో ఆకు లేకుండా ఆకు గురించి రాయకూడదు. నలభై ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాను, చచ్చేదాకా చెబుతాను.

నాకిది నేర్పింది గన్నేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బంగాళాదుంప ముక్కల మధ్య ఆకును ఇరికించి బ్లేడుతో కోసేవాణ్ణి. ఎన్ని ముక్కలు పాడయ్యాయో! ఒక సాయంత్రం పలచని ముక్క కుదిరింది. మైక్రోస్కోపు కింద పెట్టాను. పైన మందమైన మైనపు పూత, దాని కింద వరసలు వరసలుగా బాహ్యచర్మం, అంటే ఆకు పైపొర. ఆకు అడుగున గుంటలు, గుంటల నిండా వెంట్రుకలు, ఆ వెంట్రుకల మరుగున పత్రరంధ్రాలు. వడగాడ్పు వాటిని నేరుగా తాకలేదు. గుంటలో తేమ గాలి కదలకుండా నిలుస్తుంది, అందుకే ఆకులోని నీరు తొందరగా ఆవిరైపోదు. ఆ రాత్రే కూర్చుని వ్యాసం రాశాను. సంపాదకుడు గుంటలనూ వెంట్రుకలనూ కొట్టేసి, ‘ప్రకృతి వింత’ అని పేరు పెట్టి అచ్చు వేశాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. నీ వ్యాసంలో ‘అద్భుతం’ ఏడుసార్లు వచ్చింది. ఏడూ తీసెయ్.

మీ అమ్మమ్మ చేలో మధ్యాహ్నం గొట్టంలా చుట్టుకున్న జొన్న ఆకు తెల్లవారేసరికి విప్పారిందని రాసిన చోట నా కళ్లు చెమర్చాయి. అది నువ్వు కళ్లారా చూసినది. పైపొరలోని పెద్ద కణాలు నీరు కోల్పోయి ముడుచుకోవడం వల్లే ఆకు అలా చుట్టుకుంటుందన్నది ఆ తరువాత చెప్పు, ముందు కాదు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

ఉప్పునీటిలో పెరిగే మడ చెట్ల పేరా తిరిగి రాయాలి. కాకినాడ దగ్గర మడ అడవి ఉన్న కోరంగి వెళ్లు. తెల్ల మడ ఆకును వేలితో రుద్ది, ఆ వేలు నాలుకకు తగిలించి చూడు. ఉప్పును బయటికి తోసే గ్రంథులు ఆ ఆకులోనే ఉన్నాయి. గన్నేరును మాత్రం నోటి దగ్గరికి రానివ్వకు, విషం. కోసిన వెంటనే చేతులు కడుక్కో.