రాత్రంతా రెండర్ పెడితే ల్యాప్‌టాప్ పాడవుతుందా?

బ్లెండర్‌లో (3డీ బొమ్మలు, యానిమేషన్లు చేసే సాఫ్ట్‌వేర్) రాత్రంతా రెండర్ (చేసిన సీన్‌ను కంప్యూటర్ లెక్కకట్టి ఫైనల్ బొమ్మగానో వీడియోగానో తీయడం) పెడితే ల్యాప్‌టాప్ కాలిపోతుందని ఇంట్లో భయపెడుతున్నారు, నిజమేనా అని అడిగారు. కాలిపోదండీ. పని ఎక్కువైనంత మాత్రాన ప్రాసెసర్ పాడైపోదు. తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ముహూర్తాలు ఉన్న నెలల్లో మా సిస్టమ్‌లు తెల్లార్లూ ఎక్స్‌పోర్ట్‌లోనే ఉంటాయి.

ప్రాసెసర్ తన వేడిని తానే కనిపెట్టుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడికి చేరగానే స్పీడు తగ్గించుకుంటుంది, అయినా వేడి దిగకపోతే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది. కాబట్టి ఫుల్ లోడ్‌లో 85, 90 కనిపించినా టెన్షన్ అక్కర్లేదు.

దెబ్బ తినేది దాని చుట్టూ ఉన్నవి. మాది రోడ్డు పక్క రూము, ఏసీ లేదు, ఇక్కడి రోహిణి కార్తె ఎండలు మీకు తెలిసినవే. మా కుర్రాడి ల్యాప్‌టాప్ రెండర్ మధ్యలో ఆగిపోతుంటే విప్పి చూశాం. ఫ్యానుకీ హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి బయటికి పంపే లోహపు భాగం) రేకులకీ మధ్య పేరుకున్న దుమ్ము గోరుతో లాగితే ఒక్క ముక్కగా, గుడ్డపీలికలా ఊడొచ్చింది. రోజూ వెలిగించే అగరొత్తుల మసి కూడా పట్టి నల్లగా జిడ్డోడుతోంది. (దేవుడి పటం సిస్టమ్ పక్కనే పెట్టుకున్నవాళ్లు కాస్త దూరం జరపండి, స్వామి ఏమీ అనుకోడు.) ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని హీట్‌సింక్‌కి చేర్చే పూత) ఎండిపోయి, గీకితే పొడిపొడిగా రాలింది. దుమ్ము తీసి కొత్త పేస్ట్ పూశాక, అంతకుముందు 98 దగ్గర కొట్టుకుంటున్నది అదే ప్రాజెక్టులో 82కి దిగింది.

బ్యాటరీ విషయంలో మాత్రం మీ ఇంట్లోవాళ్ల భయంలో కొంత నిజం ఉంది. ఎప్పుడూ ఛార్జర్‌లోనే ఉంచి, నిండు ఛార్జింగ్‌తో, ఆ వేడిలో నెలల తరబడి వాడితే అది త్వరగా ముసలిదైపోతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది కూడా. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ పడకపోయినా ఇక ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసుకు ఇచ్చేయండి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఉంది, అది ఆన్ చేసుకోండి.

2021లో న్యూ వరల్డ్ గేమ్ బీటా (విడుదలకు ముందు ట్రయల్) ఆడుతుంటే కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు పోయాయని చదివే ఉంటారు. వాటిలో కొన్నిటికి సోల్డరింగ్ సరిగా లేదని తర్వాత ఆ కార్డులు తయారుచేసిన ఈవీజీఏ కంపెనీయే చెప్పింది. అంటే లోపం ముందే ఉంది, లోడ్ దాన్ని బయటపెట్టింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌ల గొడవ ఇంకా విచిత్రం. కావాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజీ అడగడం వల్ల అవి దెబ్బతిన్నాయి, అదీ ఖాళీగానో తేలిక పనిలోనో ఉన్నప్పుడు ఎక్కువట! బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచారు.

మీరైతే ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా బల్ల మీద, వెనక కొంచెం ఎత్తు పెట్టి ఉంచండి. గ్రాఫిక్స్ కార్డుతో కాకుండా సీపీయూతో (ప్రాసెసర్‌తో) రెండర్ చేస్తుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దానితో టర్బో (ప్రాసెసర్ మామూలు స్పీడు దాటి పరిగెత్తడం) ఆగిపోతుంది. రెండర్‌కి టైము ఎక్కువ పడుతుంది గానీ వేడి బాగా దిగుతుంది, ఫ్యాను హోరు తగ్గి పక్కన పడుకున్నవాళ్లకు నిద్ర పడుతుంది.