ఎల్డర్ స్క్రోల్స్ 6 కోసం ఇప్పుడే పీసీ కొనాలా?

ప్రశ్న: 2018లో ఎల్డర్ స్క్రోల్స్ 6 వీడియో గేమ్ టీజర్ చూసినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. అసలు వస్తుందంటారా? దానికోసం కొత్త పీసీ కొనేయనా? మ్యాప్ ఎంత పెద్దగా ఉంటుందోనని కూడా టెన్షన్.

జవాబు: ఆగండాగండి! ఆ టీజర్‌లో కొండలు, తీరం, పేరు తప్ప ఏముంది చెప్పండి. ఈ గేమ్ తయారుచేసే బెథెస్డా కంపెనీ ముందు తన ఇంకో గేమ్ స్టార్‌ఫీల్డ్ పూర్తి చేయాలనుకుంది, అదేమో 2023 సెప్టెంబరులో గానీ రాలేదు, కాబట్టి ఇది ఆలస్యమవడంలో వింతేమీ లేదు. గ్రాఫిక్స్ కార్డు ఎంతది కావాలో మామూలుగా విడుదల దగ్గరపడ్డాకే చెబుతారు, ఇప్పుడు కొంటే అప్పటికది పాతబడుతుంది. మ్యాప్ సైజు గురించి టెన్షన్ కూడా వద్దు (నన్నడిగితే అదో పిచ్చి లెక్క), దారి తప్పి ఏ గుహలోకో దూరితే అక్కడో కథ దొరకాలి, అంతే. ఇదే సిరీస్‌లోని 2011 నాటి స్కైరిమ్‌ని జనం ఇంకా మోడ్స్ (ఆటగాళ్లు తయారుచేసే మార్పులు, చేర్పులు) వేసుకుని ఆడుతున్నది అందుకే. ఈలోగా మీరూ అదే ఆడండి, ఉన్న పీసీ చాలు.