ఆ రాత్రికి 1969 తెలియదు

చిరంజీవికి,

నీ కథ రాతప్రతి అందింది. పద్దెనిమిది పేజీలు. రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో, రెండోసారి రాత్రి పెన్సిల్ పట్టుకుని. మొదటిసారి బాగుందనిపించింది. రెండోసారి కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే నీ దగ్గర సరుకుందనే. లేకపోతే "బాగుంది బాబూ, రాస్తూ ఉండు" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

విషయం మంచిది పట్టావు. 1958, రీగా. సోవియట్ యూనియన్ 25వ చదరంగం ఛాంపియన్‌షిప్. మా చిన్నప్పుడు విశాలాంధ్ర షాపులో రష్యన్ పుస్తకాలు కారుచవగ్గా దొరికేవి. చదరంగం పేర్లు మాకు మొదట అలాగే పరిచయం. మాస్కోలో కూర్చుని అనువాదం చేసినవాళ్ళు రష్యన్ పలుకుబడిని పట్టి 'త' రాసేవాళ్ళు, ఇంగ్లీషు మీదుగా తెచ్చుకున్న మన పత్రికలు 'ట' రాసేవి. నీ కథలో ఛాంపియన్ అయ్యే ఆటగాణ్ణి నువ్వు ఒక పేజీలో తాల్ అనీ, ఇంకో పేజీలో టాల్ అనీ రాశావు. ఏదో ఒకటి పెట్టుకో. నేను ఈ ఉత్తరంలో టాల్ అనే రాస్తాను, అలవాటు కొద్దీ. అలాగే నీ ఏనుగు మూడో పేజీలో రూక్ అయిపోయింది, ఏడో పేజీలో మళ్ళీ ఏనుగైంది. టోర్నమెంట్లకు వెళ్ళే పిల్లలు రూక్ అనే అంటారు, అరుగు మీద ఆడేవాళ్ళు ఏనుగంటారు. నీ కథ ఎవరు చెబుతున్నారో తేల్చుకుంటే ఈ గొడవ తీరిపోతుంది.

మంచు గురించి ఒక్కమాట. పదకొండుసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఫిబ్రవరిలో రీగాలో మంచు ఉండకుండా ఎలా ఉంటుంది? మన ఊళ్ళో మే నెల కథ రాస్తూ పేరా పేరాకీ ఎండ అంటామా? వోడ్కా, గూఢచారులు, ఇనుప తెర అన్నీ తెచ్చావు. వాటిలో ఒక్కటి కూడా ఆ బల్ల మీదికి రాలేదు. రష్యా అనగానే మనకు గుర్తొచ్చే సామానంతా సర్దేశావన్నమాట. కొట్టేశాను.

ఇక నాకు కోపం తెప్పించిన చోటు. చివరి పేరా.

చివరి రౌండులో స్పాస్కీ టాల్ చేతిలో ఓడిపోయి వీధిలోకి వచ్చి ఏడుస్తాడు. అక్కడిదాకా బాగానే నడిపావు. వెంటనే "కానీ విధి అతని కోసం మరో కిరీటం దాచి ఉంచింది, 1969లో అతడే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు" అని కలిపేశావు. ఎందుకు కలిపావో నాకు తెలుసు. ఆ కుర్రాడి ఏడుపు నువ్వు చూడలేకపోయావు. చూడలేక జేబులోంచి చేతిరుమాలు తీసినట్టు 1969 తీసి ఇచ్చావు.

ఆ రాత్రికి 1969 తెలియదు బాబూ. నీకు తెలుసు, నాకు తెలుసు, గూగుల్‌కి తెలుసు. స్పాస్కీకి తెలియదు. నువ్వు రాస్తున్నది స్పాస్కీని కదా.

లెక్క వేసి చూద్దాం రా. రచయితలకు లెక్కలంటే చిరాకు, నాకూ చిరాకే. కానీ ఈ కథ ప్రాణమంతా లెక్కలోనే ఉంది, నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. 19 మంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి 18 ఆటలు. పెట్రోస్యాన్, బ్రాన్‌స్టీన్, అవెర్బాఖ్, కోర్చ్‌నోయ్, గెల్లర్, తైమానోవ్, పొలుగయెవ్‌స్కీ ఉన్నారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్మిస్లోవ్, అతనితో మార్చిలో మళ్ళీ తలపడబోతున్న బోత్విన్నిక్ మాత్రం రాలేదు. ఆ ఇద్దరు లేకపోయినా ఆ పట్టిక చూస్తే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి. పైగా అది ఒట్టి దేశవాళీ పోటీ కూడా కాదు. మొదటి నలుగురు అదే ఏడాది యుగోస్లావియాలోని పొర్తొరోజ్‌లో జరిగే ఇంటర్‌జోనల్‌కి, అంటే ప్రపంచ టైటిల్ దారిలో తర్వాతి మెట్టుకి, వెళ్తారు. అక్కణ్ణించి ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీ, ఆపైన ప్రపంచ టైటిల్ మ్యాచ్. అప్పట్లో ఈ చక్రం మూడేళ్ళకోసారి తిరిగేది. నాలుగో స్థానానికీ అయిదో స్థానానికీ మధ్య అర పాయింటు తేడా ఉండొచ్చు, ఆ అర పాయింటు ఖరీదు మూడేళ్ళు. సోవియట్ ఆటగాడి అసలు కష్టం ఇదే. ఇంకే దేశంలో పుట్టినా నిద్రలో కూడా ఇంటర్‌జోనల్‌కి ఎంపికయ్యేవాడు అక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు.

గెలుపుకి ఒక పాయింటు, డ్రాకి అర. చివరి ఆటకు కూర్చునేటప్పటికి టాల్‌కి పదకొండున్నర, స్పాస్కీకి పదిన్నర. ఆ రోజు కాగితాలన్నీ మడిచేసరికి పెట్రోస్యాన్‌కి 12, బ్రాన్‌స్టీన్‌కి పదకొండున్నర, అవెర్బాఖ్‌కి 11. ఇప్పుడు ఒక్కొక్కటీ వేసి చూడు. స్పాస్కీ గెలిస్తే బ్రాన్‌స్టీన్ పక్కన చేరి పొర్తొరోజ్‌కి వెళ్తాడు, ఛాంపియన్ పెట్రోస్యాన్ అవుతాడు. డ్రా అయితే టాల్, పెట్రోస్యాన్ ఇద్దరూ సమానం, స్పాస్కీ అవెర్బాఖ్‌తో కలిసి నాలుగో స్థానం కోసం పేచీలో ఉంటాడు. ఓడితే పదిన్నర దగ్గరే, పొలుగయెవ్‌స్కీ పక్కన, బయట. ఒక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఆడుతుంటే నలుగురైదుగురి మూడేళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఇది నీ కథలో ఎక్కడుంది? "ఉత్కంఠభరిత వాతావరణం నెలకొంది" అని ఉంది. ఆ మాట నేను పత్రికలో పనిచేసినన్నాళ్ళూ క్రికెట్‌కీ రాశాను, మునిసిపల్ ఎన్నికల లెక్కింపుకీ రాశాను. అది ఎక్కడికైనా అతుక్కుంటుంది, అందుకే ఎక్కడా పనికిరాదు.

కుర్రాళ్ళు అన్నాను కదా, వాళ్ళ వయసు నువ్వు రాయనే లేదు. టాల్ 1936 నవంబరులో పుట్టాడు, స్పాస్కీ 1937 జనవరి 30న. పోటీ జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగింది. అంటే మధ్యలో స్పాస్కీకి 21 నిండాయి, టాల్‌కి అప్పటికే 21. ఇంకో సంగతి, ఇది నీలాంటివాడికి ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాను. టాల్ రీగాలోనే విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివాడు, ఆ తర్వాత ఒక చదరంగం పత్రికకు ఏళ్ళ తరబడి సంపాదకుడిగా ఉన్నాడు. స్పాస్కీ లెనిన్‌గ్రాద్‌లో చదివింది జర్నలిజం. బల్లకు అటూ ఇటూ కూర్చున్నది మన కులంవాళ్ళేనన్నమాట! కథలో పెట్టమని కాదు, పెడితే తెలివి ప్రదర్శించినట్టుంటుంది. వాళ్ళని చూసేటప్పుడు నీ మనసులో ఉండాలి, అంతే.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వస్తాను. నా దృష్టిలో నీ కథ అసలు అక్కడే ఉంది, నువ్వు దానికి ఇచ్చింది నాలుగు వాక్యాలు. ఆ రోజుల్లో అయిదు గంటలు ఆడినా ఆట తేలకపోతే వాయిదా వేసేవాళ్ళు. ఎత్తు వేయాల్సినవాడు బల్ల మీద పావు జరపడు. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అతికించి ఆర్బిటర్ చేతికిస్తాడు. అవతలివాడికి ఆ ఎత్తేమిటో తెలియదు. ఇద్దరూ ఇళ్ళకు పోయి, ఎవరి బోర్డు మీద వాళ్ళు ఆ స్థితిని పేర్చుకుని తెల్లారేదాకా ఊహించుకోవచ్చు. స్నేహితుల సాయం తీసుకున్నా తప్పు లేదు. కంప్యూటర్లు వచ్చాక ఈ పద్ధతి పోయింది. ఇప్పటి పిల్లలకు కవరంటే ఏమిటో విడమరిచి చెప్పాలి, నువ్వు చెప్పలేదు.

ఆట వాయిదా పడేటప్పటికి స్పాస్కీదే పైచేయి. తెల్లపావులు అతనివి, టాల్ రాజు చిక్కుల్లో ఉన్నాడు. రాత్రంతా బోర్డు ముందు కూర్చున్నాడు స్పాస్కీ. తర్వాత్తర్వాత అతనే చెప్పుకున్నాడు: తెల్లవార్లూ విశ్లేషణ చేసి, అలిసిపోయి ఆటకు వచ్చానని. గెలిచే స్థితి చేతిలో ఉన్నవాడికే నిద్ర పట్టదు, గమనించావా? ఓడిపోతాననుకున్నవాడు దుప్పటి కప్పుకుని పడుకోగలడు. గెలుపు ఉందని తెలిసి, అది ఎక్కడుందో కచ్చితంగా తేలక, ఒక దారి దొరికాక దానికి విరుగుడు కనిపించి, మళ్ళీ మొదటినుంచి పావులు పేర్చుకునే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు. ఆ గది రాయి. "అతని మనసులో తుఫాను చెలరేగింది" అని నువ్వు రాసినది కొట్టేశాను, తుఫాన్లు మన కోస్తాకి వదిలెయ్. అతని చేతులేం చేస్తాయో రాయి. ఒకే బంటుని ఎన్నిసార్లు ముందుకు జరిపి మళ్ళీ వెనక్కి పెట్టాడో రాయి. కథ కాబట్టి ఆ పాటి ఊహకు నీకు హక్కుంది. ఫలితాలు, తేదీలు, పాయింట్లు మార్చే హక్కు మాత్రం లేదు.

మర్నాడు మళ్ళీ కూర్చున్నారు. టాల్ డ్రా ఇస్తానన్నాడు. స్పాస్కీ వద్దన్నాడు. ఆట సాగింది, స్పాస్కీ బలం తగ్గుతూ వచ్చింది, పట్టు జారింది. ఈసారి డ్రా అడిగింది స్పాస్కీ. టాల్ వద్దన్నాడు. 73 ఎత్తులకు అయిపోయింది. అది టాల్ సొంత ఊరు, హాలంతా చప్పట్లు. టాల్ పన్నెండున్నరతో వరసగా రెండో ఏడాది ఛాంపియన్.

ఈ రెండు డ్రాలనీ నువ్వు వదిలేశావంటే నమ్మలేకపోయాను. ఒకే మాట ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి. మధ్యలో ఎంతసేపు గడిచిందో, ఆ కాస్త సేపట్లో ఇద్దరి ముఖాలూ ఎలా మారిపోయాయో. ఏ కథకుడికైనా ఇంతకంటే ఏం కావాలి? నువ్వేమో ఆ పేజీ మొత్తం నిమ్జో-ఇండియన్ డిఫెన్స్ అనే ఆట ఆరంభ పద్ధతి చరిత్ర చెప్పావు.

నా సంగతి ఒకటి చెబుతాను. పాతికేళ్ళప్పుడు ఒక దినపత్రికకు పార్ట్‌టైమ్ విలేకరిని. మా పట్నంలో పిల్లల చదరంగం పోటీ జరిగితే వెళ్ళాను. ఫైనల్లో ఓడిన పిల్లాడు బల్ల దగ్గరే ఉండిపోయి పావులు లెక్కపెట్టి పెట్టెలో వేస్తున్నాడు. ముప్ఫై ఒకటే ఉన్నాయి. పోయిన పావుకి తన దగ్గర డబ్బులు అడుగుతారని భయం వాడికి. బల్లల కింద పాకుతూ ఆ నల్లబంటు కోసం వెతుకుతుంటే, ఆ పక్కనే గెలిచిన పిల్లాడికి దండలు వేస్తున్నారు. నేను దండల గురించి రాశాను. బంటు గురించి కూడా రెండు లైన్లు రాశాను గానీ, చివర్లో "ఈ బాలుడు రేపటి ఛాంపియన్ కావచ్చు" అని ఒక తోక తగిలించాను. డెస్క్‌లో మొత్తం కోసేశారు. చాలాకాలం వాళ్ళని తిట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ తోక లేకపోయుంటే ఆ రెండు లైన్లైనా బతికేవేమో అనిపిస్తుంది. బంటు దొరికిందో లేదో కూడా కనుక్కోకుండా వచ్చేశాను, చూడు.

నువ్వు తగిలించింది అదే తోక. పైగా తొందర తోక. 1958 నుంచి 1969కి ఒక్క గంతు వేశావు. మధ్యలో ఏముందో చూశావా? 1961లో మాస్కోలో మళ్ళీ అదే తంతు. అదీ ఎంపిక పోటీయే, అదీ చివరి రౌండే, ఈసారి ఎదురుగా లియొనీద్ స్టెయిన్. స్పాస్కీ మళ్ళీ ఓడాడు, స్టెయిన్ ఇంటర్‌జోనల్‌కి వెళ్ళాడు. అంటే స్పాస్కీకి పోయింది మూడేళ్ళు కాదు, ఆరేళ్ళు. ఈలోగా టాల్ పొర్తొరోజ్ గెలిచి, క్యాండిడేట్స్ గెలిచి, 1960లో బోత్విన్నిక్‌ని ఓడించి 23 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, మరుసటి ఏడాదే ఆ కిరీటం పోగొట్టుకున్నాడు కూడా. 1965లో తిబిలీసీలో క్యాండిడేట్స్ ఫైనల్లో స్పాస్కీ ఓడించింది ఎవర్ననుకున్నావు? ఈ టాల్‌నే. 1966లో పెట్రోస్యాన్ చేతిలో ఓడిపోయి, 1969లో అదే పెట్రోస్యాన్‌ని గెలిచాడు. మళ్ళీ 1972లో ఐస్లాండ్‌లోని రెయ్‌క్యవీక్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్‌కి ఆ కిరీటం ఇచ్చేశాడు. ఎక్కడ ఆపితే అక్కడ కథ సుఖాంతమో దుఃఖాంతమో అవుతుంది. విధి అనేది ఏదైనా ఉంటే, నువ్వు కత్తెర పెట్టిన చోటే ఉంది.

ఇదంతా నువ్వు చదివి తీరాలి. నోట్‌బుక్ నిండా రాసుకోవాలి. తర్వాత ఆ నోట్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ కుర్రాడికి తెలిసినంతే తెలిసినవాడిలా రీగా వీధిలో నిలబడాలి. కష్టమే. నాకు ముప్ఫై ఏళ్ళు రాసినా సగం సార్లు చేతకాదు.

ఇంకొకటి, నువ్వు టాల్ పక్షానే రాస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. కుడిచేతికి మూడే వేళ్ళు, జీవితాంతం మూత్రపిండాల జబ్బు, బల్ల దగ్గర మాత్రం పులి. రాయడానికి బోలెడుంది. కానీ అతని గురించి రాసినా సరే, ఆ చప్పట్ల మధ్య అతను వినని శబ్దం ఒకటుండాలి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడో, కోటు తగిలించిన కొక్కెం చప్పుడో, అది నువ్వే వెతుక్కో.

మళ్ళీ రాసి పంపు. మొదలు కవర్ నుంచి పెట్టి చూడు, తొలి ఏడు పేజీలు వాటంతటవే రాలిపోతాయి. టైపు చేయించకుండా చేత్తో రాసిందే పంపినా ఫరవాలేదు, కాకపోతే ఈసారి పేజీ నంబర్లు వెయ్యి. నిన్న ఫ్యాను గాలికి కాగితాలన్నీ ఎగిరిపోయి, స్పాస్కీ ఓడిపోయాక ఆట మొదలైంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు