బడాబజారు కొట్ల పుట్టుపూర్వోత్తరాలు తీయాలంటే

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

బడాబజారులో ఆ వరస కొట్ల చరిత్ర తీస్తానన్నావు, మంచిదే. కాగితాల మీద పడేముందు ఒక పొద్దున, ఎండ ఏటవాలుగా పడే వేళ, ప్రతి కొట్టు పైభాగం ఫొటో తీయి. సున్నంపూతల కింద మరుగున పడ్డ అక్షరాలు ఆ వెలుతురుకే తేలతాయి. సంవత్సరం కనిపిస్తే రాసుకో, కానీ అది ముందుగోడ తిరగకట్టిన ఏడు కావచ్చు.

తర్వాత ఇప్పటి డోరు నంబరు పట్టుకుని వెనక్కి నడువు. మునిసిపాలిటీ ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్లలో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసిన ఏడు దొరికిందా, సగం పని అయినట్టే. దొరక్కపోతే నంబర్లు వదిలేసి చెక్కుబందీ, అంటే దస్తావేజులో రాసే నాలుగు హద్దులు, పట్టుకో.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకం అడుగు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది అందులోనే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. మొదటి సూచిక పేర్లది, రెండోది ఆస్తిది. నువ్వు రెండోదానితో మొదలుపెట్టు. పన్ను రిజిస్టరులో యజమాని పేరు మారిన ఏడు చూసుకుని, దానికి అటూ ఇటూ రెండేళ్లే వెతికించు. ఎన్నేళ్లు వెతికిస్తే అంత ఖర్చు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దస్తావేజులో ఉండేది గోడల యజమాని పేరు. కొట్టు నడిపినాయన వేరే మనిషి కావచ్చు. ఏడాది దాటిన కౌలుకి రిజిస్ట్రేషను తప్పనిసరి, నెలసరి అద్దెకి అక్కర్లేదు. అందుకే పట్టుబట్టలు అమ్మినాయన జాడ ఆ ఇంటి కాగితాల్లో అసలే లేకపోవచ్చు. పక్కింటి దస్తావేజు తీయించు. హద్దుల్లో "పడమర: ఫలానావారి జవుళి కొట్టు" అని రాసి ఉండే అవకాశం ఎక్కువ. నాలుగు వైపులవీ తీయిస్తే ఖర్చే గానీ, దీన్ని మించిన దారి లేదు. వృత్తిపన్ను, లైసెన్సు రిజిస్టర్లు చెదపురుగులకి మిగిలుంటే అవీ చూడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలవకముందు మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. అప్పటి ప్రభుత్వ ఉత్తర్వులకి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్, తర్వాతవాటికి భువనేశ్వర్ ఆర్కైవ్స్ చూడాలి. పాత తెలుగు దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. దస్తావేజు లేఖరి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. ఒడియా సూచికల్లో వెంకటస్వామి "బ"లోకి పోతాడు, ఇంటిపేరు చివరికి జరుగుతుంది. రెండు చోట్లా వెతుకు.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే జూలైలో మొదలయ్యే పాత రెవెన్యూ సంవత్సరం, ఉంటే ఇంగ్లీషు ఏడు కోసం 590 కలుపు. ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. కొట్టు లెక్కల పుస్తకాల్లో, అంటే చిట్టా, ఆవర్జాల్లో, తెలుగు సంవత్సరం పేరు "ధాత" అని ఉంటే 1936-37 అనుకోవడానికి తొందరపడకు, అంతకు అరవై ఏళ్ల ముందటి 1876-77 కూడా ధాతే. నయాపైసలు కనిపిస్తే మాత్రం 1957 ఏప్రిల్ తర్వాతిదే.

రాసుకునే ప్రతి పేరు పక్కన దస్తావేజు నంబరు, ఏడు, సంపుటం, పేజీ వేసుకో. లేకపోతే నకలు అడిగే రోజున మళ్లీ మొదటినుంచీ వెతకాలి.

ఇట్లు,
చిన్నాన్న